రేడియేటరుకూ మంచినీరే

సగటున ఏటికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే కురిసే అనంతపురం మెట్టలో మేము మంచినీటిని ట్రాక్టరుకు పోయడం దుబారా అనుకొనేవారము. ఏళ్ళ తరబడి రేడియేటరులో ఉప్పటి బోరునీరే పోశాము. ఒక వేసవిలో, వీధికి తాగునీటి ట్యాంకరును లాగుకొని వచ్చే ఆ ట్రాక్టరే వేడెక్కి నడిదారిలో నిలిచిపోయినది.

ఇంజను పూర్తిగా చల్లారిన పిమ్మటనే మూత విప్పాము. లోపలి గొట్టాల నోళ్ళు తెల్లని సున్నపు పొరతో పూడుకొని ఉన్నవి. వెలుపలి రెక్కల నడుమ వేరుశనగ పొట్టు, దుమ్ము గడ్డకట్టినవి. మెత్తని కుంచెతో దులిపి, ఫ్యాను వైపు నుండి వెలుపలికి సన్నని ధారతో కడిగాము. చాకలిసోడా నీరు పోసి, కొంతసేపు ఇంజను నడిపి, చల్లారనిచ్చి వదిలివేశాము. తిరిగి నింపడానికి తాగునీటిని ముట్టుకొనుటకు మాకు చేయి ఆడలేదు. అమ్మ తానే బిందె తెచ్చి ముందుంచినది. “మన దప్పిక తీర్చేది అదే గదా నాయనా, దాని దప్పిక మనము తీర్చవద్దా?” అన్నది.

అది మొదలు వానాకాలమున ఒక బిందెడు చినుకునీరు దానికై వేరుగా పట్టి ఉంచుతున్నాము.