ఎడారి నీళ్ల మీద నాలుగు రోజులు

ప్రతి ఏడాది చివరి పేరెంట్ మీటింగ్‌లో ప్రోగ్రెస్ కార్డు మీద సంతకం అయిపోయాక చాలామంది తల్లిదండ్రులు నన్ను అడిగే ప్రశ్న ఒకటుంది. "మేడం, సెలవుల్లో పిల్లల్ని ఎక్కడికి తీసుకెళ్తే బాగుంటుంది?" నా జీతానికి ఊటీ దాటి చూసింది లేదు కాబట్టి ఇన్నాళ్లూ ఏదో ఒకటి చెప్పి తప్పించుకునేదాన్ని. ఈసారి మాత్రం మా అక్క పుణ్యమా అని చాలా దూరం వెళ్లొచ్చాను. చూసినవి చూసినట్టు రాస్తున్నాను.

అక్కావాళ్లు అమెరికాలో అరిజోనా రాష్ట్రంలో ఫీనిక్స్ పక్కన చాండ్లర్ అనే ఊళ్లో ఉంటారు. అమ్మా నాన్నలకు విజిటర్ వీసా వచ్చింది. ఇంగ్లిష్ టీచర్ వెంట ఉంటే ఎయిర్‌పోర్టుల్లో ఇబ్బంది ఉండదని అక్క నాకూ టికెట్ పంపింది. మే నెలాఖరుకు అక్క కొడుక్కి సెలవులు ఇచ్చారు. వాడికి తొమ్మిదేళ్లు. తెలుగు అర్థమవుతుంది గానీ జవాబు ఇంగ్లిష్‌లోనే వస్తుంది. నాన్నకు ఇంగ్లిష్‌లో కరెంటు ఆఫీసు మాటలు తప్ప రావు. మొదటి వారమంతా తాతా మనవళ్లు ఒకే సోఫాలో కూర్చుని, ఎవరి ఫోన్ వాళ్లు చూసుకున్నారు. "హాయ్ తాతా", "తిన్నావా నాయనా", "యా". ఇంతకు మించి మాట లేదు. అమ్మ లోపల్లోపల బాధపడటం నాకు కనిపిస్తూనే ఉంది.

అప్పుడు బావ, ఆయన స్నేహితుడి కుటుంబం కలిసి లేక్ పావెల్‌లో నాలుగు రోజులకు హౌస్‌బోట్ అద్దెకు తీసుకున్నారు. కేరళ కెట్టువళ్లం లాంటిది అనుకున్నాను. అది వేరు. ఇది ఇనుప తేప్పల మీద కట్టిన మూడు గదుల ఇల్లు: వంటగది, ఫ్రిజ్, బాత్‌రూమ్, మేడ మీదినుంచి నీళ్లలోకి జారుడుబల్ల. నడిపేవాడు ఎవరూ రారు, మనమే నడుపుకోవాలి. చాండ్లర్ నుంచి కారులో దాదాపు ఐదు గంటలు. ఫ్లాగ్‌స్టాఫ్ దగ్గర పైన్ చెట్ల అడవి దాటాక ఇక పచ్చదనం ఉండదు. ఎర్ర రాయి, ముళ్ల పొదలు, ఆకాశం. పేజ్ అనే చిన్న ఊరు వస్తుంది. 1957లో డ్యామ్ కట్టే కార్మికుల కోసం పుట్టిన ఊరది. అక్కడ రోడ్డు మలుపు తిరగ్గానే ఆ ఎర్రటి ఎడారి మధ్యలో నీలం నీళ్లు కనిపిస్తాయి. చెట్టు లేదు, గట్టు మీద గడ్డి లేదు. నీళ్లు ఎవరో తెచ్చి పోసినట్టున్నాయి. ఒక రకంగా పోసినవే.

కొలరాడో నదికి అడ్డంగా గ్లెన్ కాన్యన్ డ్యామ్ కట్టి 1963 మార్చిలో నీళ్లు ఆపడం మొదలుపెట్టారు. డ్యామ్ ఎత్తు 710 అడుగులు. పూర్తిగా నిండటానికి 17 ఏళ్లు పట్టింది, 1980 జూన్‌లో నిండింది. నిండినప్పుడు సరస్సు పొడవు 186 మైళ్లు, అంటే 300 కిలోమీటర్లు. పక్కన తొంభైకి పైగా లోయల్లోకి నీళ్లు వేళ్లలా చొచ్చుకుపోయాయి. దానికి పేరు జాన్ వెస్లీ పావెల్ నుంచి వచ్చింది. అంతర్యుద్ధంలో కుడి చెయ్యి పోగొట్టుకున్న మనిషి. 1869లో నాలుగు పడవలు, తొమ్మిదిమంది మనుషులతో ఈ నది మీద దిగువకు ప్రయాణం చేశాడు. గ్లెన్ కాన్యన్ అని పేరు పెట్టింది కూడా ఆయన బృందమే. చిన్న వయసులో పల్లెటూరి బడిపంతులుగా పనిచేశాడని తెలిసి నాకు కాస్త గర్వంగా అనిపించింది. మా వృత్తిలో ఇలాంటి సంతోషాలు తక్కువ, దొరికినప్పుడు వదులుకోకూడదు.

మరీనాలో పడవ అప్పగించే ముందు గంటసేపు క్లాసు తీసుకున్నారు. అందులో ఒక్క విషయం తల్లిదండ్రులకు తప్పకుండా చెప్పాలి. హౌస్‌బోట్‌లో ఏసీకి, ఫ్రిజ్‌కు జనరేటర్ నడుస్తుంది. దాని పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. రంగు లేదు, వాసన లేదు. 2000 ఆగస్టులో ఇదే సరస్సులో ఇద్దరు చిన్న అన్నదమ్ములు పడవ వెనక నీళ్లలో ఆడుకుంటూ ఆ పొగ పీల్చి చనిపోయారు. ఆ తరువాత జరిగిన పరిశోధనల వల్లే పొగను గొట్టంతో పైకప్పు మీదికి పంపే పద్ధతి వచ్చింది. బావ ఈ సంగతి పిల్లలకు దాచకుండా చెప్పాడు. "జనరేటర్ ఆన్‌లో ఉంటే వెనక నీళ్లలో దిగొద్దు" అని ఊరికే గద్దిస్తే ఆ నాలుగు రోజుల్లో నలభైసార్లు గద్దించాల్సి వచ్చేది. కారణం తెలిసిన పిల్లలు పెద్దవాళ్లకే గుర్తు చేశారు. పన్నెండేళ్లు, అంతకు తక్కువ వయసు పిల్లలకు నడుస్తున్న పడవలో లైఫ్ జాకెట్ తప్పనిసరి. మన దగ్గర బోటింగ్‌కి వెళ్లినప్పుడు ఫోటో కోసం జాకెట్ విప్పించే తల్లిదండ్రులను చూశాను కాబట్టి ఇది కాస్త గట్టిగానే చెబుతున్నాను.

మరీనా దాటిన గంటకు ఫోన్లలో సిగ్నల్ పోయింది. అక్క కొడుకు ఫోన్ పైకెత్తి పడవంతా తిరిగాడు. సిగ్నల్ వచ్చినచోట టైమ్ గంట ముందుకు జరుగుతుంది, మళ్లీ వెనక్కి వస్తుంది. ఎందుకంటే సరస్సు అరిజోనా, యూటా రాష్ట్రాల మధ్య ఉంది. వేసవిలో యూటావాళ్లు గడియారం గంట ముందుకు జరుపుతారు, అరిజోనావాళ్లు జరపరు. నాన్న మాత్రం చేతి గడియారం ఇండియా టైమ్‌లోనే ఉంచుకున్నారు. "మన ఊళ్లో ఇప్పుడు తెల్లారి ఐదు" అని ఆయన, "తాతా, హియర్ ఇట్స్ ఫోర్ థర్టీ... ఆర్ ఫైవ్ థర్టీ" అని వాడు. అలా మొదలైంది మాట.

రాత్రికి పడవను ఇసుక ఒడ్డుకు చేర్చాలి. ముక్కు ఇసుకలోకి ఎక్కించి, వెనకవైపు నుంచి రెండు పక్కలా మోకులు ఒడ్డుకు ఏటవాలుగా లాగి, లంగర్లను గుంటల్లో పాతిపెట్టాలి. బావా, ఆయన స్నేహితుడూ ఇద్దరూ సాఫ్ట్‌వేర్. కాగితం మీద బొమ్మ చూసుకుంటూ అడుగు లోతు గుంటలు తవ్వారు. నాన్న కాసేపు చూసి, పంచె పైకి కట్టి దిగారు. ఆయన విద్యుత్ బోర్డులో లైన్‌మన్‌గా చేరి, లైన్ ఇన్‌స్పెక్టర్‌గా రిటైర్ అయినవారు. కరెంటు స్తంభం ఒరగకుండా స్టే వైరు ఎలా పాతుతారో, లంగరు కూడా అలాగే అన్నారు. "గుంట మోకాలి లోతు దాటాల. తాడు లాగేటట్టు కాదు, భూమే పట్టుకునేటట్టు ఉండాల." మనవడికి చిన్న పార ఇచ్చారు. నాలుగు గుంటలయ్యేసరికి చీకటి పడింది. వాడి చేతులకు బొబ్బలు వచ్చాయి, వాటిని అందరికీ చూపించుకున్నాడు.

రెండో రాత్రి గాలి లేచింది. ఎడారి గాలికి కబురు ఉండదు. అప్పటిదాకా అద్దంలా ఉన్న నీళ్లు ఒక్కసారిగా పడవ పక్కటెముకలకు కొట్టడం మొదలుపెట్టాయి. దానికి తోడు మే, జూన్ నెలల్లో ఎక్కడో కొలరాడో కొండల మీద మంచు కరిగి సరస్సు రోజూ కొద్దికొద్దిగా పెరుగుతుంది. ఒడ్డు వెనక్కి జరిగి ఎడమవైపు మోకు వదులైంది. అంత పెద్ద పడవ పక్కకు తిరిగి బండరాళ్ల మీదికి వెళ్తే ఏమవుతుందో అప్పటిదాకా ఎవరం ఆలోచించలేదు. బావ ఇంజన్ ఆన్ చేసి ముక్కు ఇసుకలోంచి జారకుండా ముందుకు నెట్టి పట్టాడు. నాన్నా, ఆయన స్నేహితుడూ టార్చిలైటుతో దిగి మోకు లాగి మళ్లీ బిగించారు. అమ్మ హనుమాన్ చాలీసా మొదలుపెట్టింది. నేను పిల్లలకు జాకెట్లు తొడిగి, హాల్లో మధ్యన కూర్చోబెట్టి, జనరేటర్ ఆపిందీ లేనిదీ రెండుసార్లు చూశాను. గంటన్నర పట్టింది. ఇసుకా నీళ్లతో తడిసి పైకొచ్చిన నాన్నకు డెబ్బై దగ్గర పడుతోందని అప్పుడే గుర్తొచ్చింది. ఆయన చేతులు వణుకుతున్నాయి. మనవడు తన టవల్ తెచ్చి ఇచ్చి, "తాతా, కూర్చో" అన్నాడు. తెలుగులో.

పొద్దున్నే గాలి లేదు. నాన్న మేడ మీద కూర్చుని ఎదురుగా కొండగోడను చూస్తున్నారు. లేక్ పావెల్‌లో ఎటు చూసినా ఎర్ర రాతి గోడల అడుగున తెల్లటి పట్టీ కనిపిస్తుంది. ఒకప్పుడు నీళ్లు అక్కడిదాకా ఉండి, అందులోని సున్నం లాంటి ఖనిజాలు రాతికి అంటుకుని మిగిలిన గుర్తు అది. ఏళ్ల తరబడి కరువు, వాడకం ఎక్కువ కావడం వల్ల నీటిమట్టం నిండు మట్టానికి వంద అడుగులకు పైగా కిందికి దిగింది. పది అంతస్తుల ఎత్తు తెలుపు మన తలపైన ఉంటుంది. కొలరాడో నీళ్ల మీద ఏడు రాష్ట్రాలు, మెక్సికో, దాదాపు నాలుగు కోట్లమంది ఆధారపడ్డారు. 336 మైళ్ల కాలువలో ఎడారి దాటి వచ్చి చాండ్లర్‌లో అక్క ఇంటి కుళాయిలో పడేవాటిలోనూ ఈ నది నీళ్లున్నాయి.

"ఈ నీళ్ల కింద ఎవరి ఊరుండె?" అని అడిగారు నాన్న.

పెద్ద ఊళ్లు లేవని, వందల ఏళ్ల కిందటి రాతి ఇళ్లు, గోడల మీద చెక్కిన బొమ్మలు ఉండేవని, దక్షిణపు ఒడ్డు నవాహో ప్రజల నేల అని నాకు తెలిసినంత చెప్పాను. దగ్గర్లో రెయిన్‌బో బ్రిడ్జ్ అనే 290 అడుగుల ఎత్తు సహజ శిలాతోరణం ఉంది, అది వాళ్లకు పవిత్రం. నాన్న తల ఊపారు. మనవడు అడిగాడు, "తాతా, యువర్ ఊరు కూడా అండర్ వాటరా?"

నిజం చెప్పాలంటే, ఈ కథ నాకే పూర్తిగా తెలియదు. నాన్న పుట్టింది నందికొట్కూరు వైపు కృష్ణ ఒడ్డు పల్లెలో. శ్రీశైలం రిజర్వాయరు కింద 1981లో ఖాళీ అయింది. ఇంట్లో ఎప్పుడూ "మునక ఊరు" అంటారు తప్ప ఇంకో మాట ఉండదు. ఆ పొద్దున నాన్న గంటన్నర మాట్లాడారు. నష్టపరిహారం లెక్క గురించి కాదు. వాకిట్లో వేపచెట్టు, రచ్చబండ, నదిలో పుట్టి మీద అవతలికి పోయి పుచ్చకాయలు తేవడం. ఇంటి దూలాలు, తలుపులు ఊడదీసి ఎద్దులబండి మీద వేసుకుని పోయారట. జేజమ్మ మాత్రం పొయ్యి రాళ్లు తెచ్చుకుందట. "మూడు రాళ్లు. ఎందుకవ్వా బరువు అంటే వినలే." మూడేళ్ల తరువాత ఆయనకు ఉద్యోగం వచ్చింది కరెంటు బోర్డులోనే. ఊరిని ముంచిన డ్యామ్ కరెంటే తీగల్లో పారిస్తూ ముప్ఫై ఏళ్లకు పైగా జీతం తీసుకున్నారు. అక్క ఇంజనీరింగ్, నా బీఈడీ అన్నీ ఆ జీతంతోనే. "తప్పని చెప్పలేను. ఒప్పని చెప్పలేను" అన్నారు. ఇంకేం అనలేదు, పిల్లవాడూ కాసేపు ఏం అడగలేదు.

తరువాత వాడు అడిగినవన్నీ తెలుగులోనే అడగడానికి తంటాలు పడ్డాడు. "పుట్టి అంటే ఏంటి? రౌండ్ బోటా? ములగదా?" నేను తొమ్మిదో తరగతికి ఇంగ్లిష్ చెప్పే టీచర్‌ని. ఇంట్లో కూడా ఇంగ్లిష్‌లోనే మాట్లాడించమంటారా అని మీరు అడిగినప్పుడల్లా ఈ మేడ మీది గంటన్నర నాకు గుర్తొస్తుంది. మంచి ఇంగ్లిష్ బడిలో మేం నేర్పుతాం, అది మా పని. పుట్టి సంగతి మేం నేర్పలేం.

మిగతా రెండు రోజులు హాయిగా గడిచాయి. బావ లైసెన్స్ తీసుకుని గాలం వేస్తే స్ట్రైప్డ్ బాస్ చేపలు పడ్డాయి, అమ్మ చింతపండు పులుసు పెట్టింది. పక్క పడవవాళ్లు వాసనకు వచ్చి, గిన్నెలో పోయించుకుని వెళ్లారు. రాత్రిళ్లు అందరం మేడ మీదే పడుకున్నాం. అంత చీకటి ఆకాశం నేను ఎప్పుడూ చూడలేదు. మన కర్నూలులో ధ్రువ నక్షత్రం పదహారు డిగ్రీల ఎత్తులో, దాదాపు ఇళ్ల కప్పుల మీద ఉంటుంది. అక్కడ ముప్ఫై ఏడు డిగ్రీల ఎత్తులో కనిపించింది. మనం ఎంత ఉత్తరానికి వెళ్తే అది అంత పైకి వస్తుంది. భూగోళం పాఠంలో ఈ మాట చాలాసార్లు విన్నాను, కళ్లతో చూడటం ఇదే మొదలు. సప్తర్షులను నాన్న ముసలమ్మ మంచం అన్నారు. నాలుగు చుక్కలు మంచం కోళ్లు, వెనక మూడు చుక్కలు ఆ మంచం ఎత్తుకుపోవడానికి వచ్చిన దొంగలు. "దొరికిపోయారా?" అని వాడు. "ఇంకా తిరుగుతానే ఉండారు" అని నాన్న.

జూన్ రెండో వారంలో బడి తెరిచే రోజుకు నేను వచ్చేశాను. అమ్మా నాన్న పోయిన నెల వచ్చారు. పోయిన ఆదివారం నాన్న ఫోన్‌కు చాండ్లర్ నుంచి వాయిస్ మెసేజ్ వచ్చింది. సంగమేశ్వరం గుడి ఎండాకాలం నీళ్లలోంచి బయటికి వస్తుందని, వరద రాగానే మళ్లీ మునుగుతుందని పడవలో విన్నది వాడికి గుర్తుంది. "తాతా, గుడి మునిగిందా? ఎంత మునిగింది? ఫోటో పంపు."

నాన్న వెంటనే నందికొట్కూరులో ఉన్న చిన్నాన్నకు ఫోన్ చేశారు. శిఖరం ఒక్కటే కనిపిస్తోందట.