ఇంటి చెవి

పొద్దున్నే షేక్ చిన మౌలానా గారి నాదస్వరం వింటున్నాను. ఒంగోలు దగ్గర కరవదిలో, తరతరాలుగా సన్నాయి వాయించే ముస్లిం ఇంట పుట్టి, శ్రీరంగంలో స్థిరపడ్డారు. 1998లో సంగీత కళానిధి అయ్యారు. ఆ పరంపరలోని కాలీషాబీ గారైతే ఈ వాద్యం తండ్రి దగ్గరే మొదలుపెట్టారు. ఆడపిల్ల చేతికి నాదస్వరం ఇచ్చిన ఆ తండ్రికి దండం పెట్టాలనిపిస్తుంది.

ఇదంతా రక్తంలో ఉందనేస్తే ఆ ఇళ్లలో సాగిన సాధనకు అన్యాయం చేసినట్టే. పసిపిల్లల చెవిలో రోజూ ఏది పడితే అదే చేతికొస్తుంది.

మరి డప్పు మోగే ఇంటి పిల్లాడి చేతికి వీణ ఎవరిచ్చారు? ఏ వాద్యం ఎవరిదో ఊరు కులాన్ని బట్టి ముందే పంచేసింది. డప్పులో ఎన్ని దరువులు, ఎంత లెక్క! దాన్ని అన్ని ఇళ్ల పిల్లలూ గురువు ముందు కూర్చుని నేర్చుకుంటుంటే చూడాలనుంది.