మూడో నెలకే పోయిన తమ్ముడు

మేమిద్దరం ఒకే ఊరి వాళ్లం. జగిత్యాల దగ్గరి పల్లె నుంచి 2004లో ఒకే విమానంలో దుబాయి దిగాం. ఎన్నో ఏళ్లు కంపెనీల్లో ఏసీలు విప్పి బిగించాం. సోనాపూర్ క్యాంపులో ఒకే గదిలో పై మంచం, కింద మంచం మాది. 2021లో చట్టం మారి, లోకల్ భాగస్వామి లేకుండా లైసెన్సు తీసుకునే వీలు వచ్చాక, దాచుకున్నదీ చిట్టీ ఎత్తినదీ కలిపి షార్జా ఇండస్ట్రియల్ ఏరియాలో చిన్న ఏసీ రిపేరు షాపు పెట్టుకున్నాం. ఒక షట్టరు, ఒక పాత పికప్పు, నలుగురు పనివాళ్లు. అర్బాబ్ అని పిలిపించుకునేంత పెద్దవాళ్లం కాలేదు. అందరూ అన్నా అనే అంటారు.

2024 మార్చిలో మొదటిసారి ఊరి వైపు నుంచి ఒక పిల్లవాణ్ని వీసా మీద తెచ్చుకున్నాం. ఐటీఐ చదివాడు, చెయ్యి మంచిది. వీసా, మెడికల్, ఎమిరేట్స్ ఐడీ, లేబర్ కార్డు, ఇన్సూరెన్సు, విమానం టికెట్ అన్నీ కలిపితే మాకు 6,800 దిర్హాములు అయింది. మాలాంటి షాపుకు అది చిన్న లెక్క కాదు. రెండు నెలలు పక్కన నిలబెట్టి పని నేర్పాం. జూన్ వచ్చింది. ఎండలు ముదిరాయి, ఫోన్లు ఆగడం లేదు. సరిగ్గా అప్పుడే ఒక ఆదివారం సెలవని పోయినవాడు సోమవారం రాలేదు. రాత్రి వాట్సాప్‌లో గొంతు పంపాడు.

"అన్నా, ఏమనుకోకుండ్రి. వేరే కంపెనీల దొరికింది. ఐదు వందలు ఎక్కువిస్తమన్నరు. సజ్జా క్యాంపుల ఉన్న."

ఆ రాత్రి మాకు నిద్ర లేదు. పొద్దున అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ చెప్పుకున్నాం. సలహాలకు కొదవ లేదు. ఒకరు రన్‌అవే కేసు పెట్టమన్నారు. ఇంకొకరు పాస్‌పోర్టు మీ దగ్గరే ఉంది కదా, ఇవ్వకండి, వాడే కాళ్లబేరానికి వస్తాడన్నారు. నిజమే, వీసా పనుల కోసం తీసుకున్న పాస్‌పోర్టు మా బీరువాలోనే ఉంది. పని అయిపోయాక తిరిగి ఇవ్వాలని మాకు తోచలేదు. మూడో సలహా, ఇంటికి ఫోన్ చేసి తండ్రిని పట్టుకోమని.

సిగ్గు విడిచి చెబుతున్నాం, ఆ మూడోది చేశాం. తండ్రికి ఫోన్ చేసి, మీ వాడు మా డబ్బు ముంచి పోయిండు, ఏం చేస్తరో చెప్పుండ్రి అన్నాం. ఆ పెద్దమనిషి కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "రెండు బర్లున్నయి బిడ్డా. అమ్మి పంపుత. పోరని మీద కేసు పెట్టకుండ్రి" అన్నాడు. ఫోన్ పెట్టేశాక మేము ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు.

అయినా కోపం పోలేదు. కేసు పెడదామనే టైపింగ్ సెంటరుకు పోయాం. అక్కడి మలయాళీ పెద్దమనిషి మా కాగితాలన్నీ ఎప్పటి నుంచో చూస్తున్నవాడు. కథంతా విని ఒకటే అడిగాడు. ఆ పిల్లవాడు ఎక్కడున్నాడో మీకు తెలుసా? తెలుసు, మెసేజ్ కూడా పెట్టాడు అన్నాం. అయితే అది ఎట్లా రన్‌అవే అవుతుంది అన్నాడు. వరుసగా ఏడు రోజులకు మించి పనికి రాకుండా, ఎక్కడున్నాడో యజమానికి తెలియకుండా ఉంటేనే ఆ ఫిర్యాదు. తెలిసి తెలిసి పెడితే అబద్ధపు ఫిర్యాదు అవుతుంది, రేపు మీ ఫైలుకే మచ్చ అన్నాడు.

తర్వాత చట్టం విప్పి చెప్పాడు. 2021 నాటి 33వ నంబరు కార్మిక చట్టం 2022 ఫిబ్రవరి 2 నుంచి నడుస్తోంది. ప్రొబేషన్ ఆరు నెలలు మించకూడదు. ఆ ప్రొబేషన్‌లో పనివాడు ఇదే దేశంలో ఇంకో కంపెనీకి మారాలనుకుంటే నెల రోజుల ముందు రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి. వేరే ఒప్పందం లేకపోతే, అతణ్ని తెచ్చుకోవడానికి పాత యజమానికి అయిన ఖర్చు కొత్త కంపెనీ కట్టాలి. దేశం విడిచి పోవాలంటే పద్నాలుగు రోజుల నోటీసు చాలు. కానీ పోయి మూడు నెలల్లోపు ఇంకో కంపెనీ వీసా మీద తిరిగి వస్తే, అప్పుడూ ఆ ఖర్చు కొత్త కంపెనీదే. నోటీసు ఇవ్వకుండా పోతే, నోటీసు రోజుల జీతం పనివాడు కట్టాలి. యజమాని తీసేయాలన్నా పద్నాలుగు రోజుల నోటీసు ఇవ్వాల్సిందే.

అంటే ఖర్చు అడగాల్సింది కొత్త కంపెనీని, పిల్లవాణ్ని కాదు, వాళ్ల నాన్నను అసలే కాదు. తెచ్చుకున్న ఖర్చు పనివాడి దగ్గర నేరుగా గానీ చాటుగా గానీ వసూలు చేయకూడదని అదే చట్టంలో ఉంది. పాస్‌పోర్టు ఆపడం కూడా తప్పే. ఆ మాట విన్నాక మా బీరువా తాళం చెవి మాకే బరువనిపించింది.

2005లో మా పాస్‌పోర్టులు కంపెనీ బీరువాలో ఉండేవి. మారాలంటే ఎన్ఓసీ, లేదంటే ఆర్నెల్ల బ్యాన్. మా గది మనిషి ఒకడు తట్టుకోలేక ఖల్లివల్లి అయ్యాడు. రెండేళ్లు పోలీసు బండి కనబడితే సందుల్లో దాక్కుని, 2007 ఆమ్నెస్టీలో చేతిలో చిల్లిగవ్వ లేకుండా ఇంటికి పోయాడు. ఆ కంపెనీని మేము ఎన్ని తిట్టామో లెక్క లేదు. పంతొమ్మిదేళ్లకు మేమూ అదే పని చేయబోయాం.

సాయంత్రం పాస్‌పోర్టు జేబులో పెట్టుకుని సజ్జా పోయాం. క్యాంపు ముందర కెఫటేరియాలో కూర్చున్నాం. పిల్లవాడు కొడతారేమోనని దూరంగానే నిలబడ్డాడు. చాయ్ చెప్పి పాస్‌పోర్టు చేతికిచ్చాకే కూర్చుని నోరు విప్పాడు. ఊళ్లో ఒక ఏజెంటు ఈ వీసాకే అతని దగ్గర లక్షా పదివేలు తీసుకున్నాడు. అప్పు నూటికి మూడు రూపాయల వడ్డీ. లైసెన్సున్న ఏజెంటయినా ముప్పై వేలు, దాని మీద జీఎస్టీ మించి తీసుకోకూడదని మన దేశం రూలు. ఆ ఏజెంటుకు లైసెన్సే లేదు. మా దగ్గరకు అబ్బాయిని చూపించింది కూడా ఆ మనిషే, ఊరి సాయంగా చేస్తున్నానని. ఒకే వీసాకు మేమూ కట్టాం, ఆ పిల్లవాడూ కట్టాడు. మేమిచ్చే 1,400లో అప్పుకూ వడ్డీకీ పోగా ఇంటికి మిగిలేది తక్కువ. అప్పు సంగతి మొదటి రోజే అడిగి ఉంటే తెలిసేది. మేము అడగలేదు.

"మొదలే ఎందుకు చెప్పలే తమ్మీ?" అంటే, "మీరు పైసలు పెట్టి తెచ్చిండ్రు, ఏ మొఖం పెట్టుకొని చెప్పాలన్నా" అన్నాడు.

ఇంకో ప్రమాదం అతనికి తెలియనే తెలియదు. మా లేబర్ కార్డు మీద ఉండి, పర్మిట్ లేకుండా ఇంకో కంపెనీలో పని చేయడం నేరం. తనిఖీ వస్తే అతనికీ ఆ కంపెనీకీ ఇద్దరికీ దెబ్బే. అలా పర్మిట్ లేకుండా పెట్టుకునే కంపెనీల మీద జరిమానాను 2024 ఆగస్టులో పెంచారు కూడా, ఇప్పుడది కనీసం లక్ష, గరిష్ఠంగా పది లక్షల దిర్హాములు.

మర్నాడే తిరిగి వచ్చాడు. నెల రోజుల నోటీసు రాసిచ్చాడు. ఆ నెలంతా, మండే జూలైలో, మాతోనే పని చేశాడు. కొత్త కంపెనీ మందూబ్ మొదట మాకేం సంబంధం అన్నాడు. చట్టం కాగితం, మా రసీదులు ముందు పెట్టాక దారికి వచ్చాడు. రసీదులున్న 4,900 దిర్హాములు కట్టారు. మిగతా పందొమ్మిది వందలకు మా దగ్గర కాగితం లేదు, అది మా తప్పు. పిల్లవాడి వీసా పద్ధతిగా మారింది. వాళ్ల నాన్నకు మేమే ఫోన్ చేసి, బర్లు అమ్మకుండ్రి, తప్పు మాట్లాడినం అని చెప్పుకున్నాం.

క్యాంపుల్లో ఉన్న తమ్ముళ్లకు ఒక మాట. ఎక్కువ జీతం దొరికితే మారడం తప్పు కాదు, పాపం కాదు. రాత్రికి రాత్రి మాయం కావడం తప్పు. నోటీసు రాసివ్వండి, యజమానికి అందినట్టు సంతకమో, ఈమెయిలో, వాట్సాప్ మెసేజో దాచుకోండి. కొత్త కంపెనీ పేరు మీద పర్మిట్ రాకముందు అక్కడ స్క్రూడ్రైవర్ కూడా పట్టకండి. మీరు కట్టాల్సిందని ఎవరైనా తెచ్చుకున్న ఖర్చు అడిగితే, ఖాళీ కాగితం మీద సంతకం పెట్టమంటే, పెట్టకండి. జీతం రాకపోవడమే కారణమైతే పారిపోకండి, ముందు మంత్రిత్వ శాఖలో ఫిర్యాదు చేయండి. ఇవన్నీ ఎమిరేట్స్ రూల్స్. సౌదీ, కువైట్, ఖతార్ చట్టాలు వేరు.

మాలాగా చిన్న షాపులు పెట్టుకున్న అన్నలకు ఇంకో మాట. ప్రతి రసీదూ దాచండి. పాస్‌పోర్టు పని అయిన రోజే తిరిగి ఇచ్చేయండి. మనిషిని తెచ్చుకునేటప్పుడు ఊళ్లో ఎవరికి ఎంత ఇచ్చావని నోరు విడిచి అడగండి. అప్పులో మునిగినవాడు మీ దగ్గర ఎక్కువ రోజులు నిలవడు, నిలవలేడు.

మొన్న మళ్లీ ఎండాకాలం వచ్చింది. ఒక ఆదివారం ఆ పిల్లవాడు షాపుకు వచ్చాడు. అప్పు సగం తీరిందట. మేము వద్దన్నా వినకుండా కంప్రెసర్ ఒకటి విప్పి సరిచేసి, చాయ్ తాగి పోయాడు.