వనస్పతి డబ్బా

పుంగనూరులో మా నాయనకు మిఠాయి అంగడి ఉండేది. చలికాలం పొద్దున వనస్పతి డబ్బాలోకి గరిటె దిగేది కాదు. పొయ్యి పక్కన కాసేపు పెట్టి, కరిగీ కరగనట్టు ఉన్నప్పుడు తీసి బాదుషా పిండిలో కలిపేవాడు. కుప్పం వైపు మా అవ్వావాళ్ళ చేలో చెనిక్కాయలు గానుగాడించిన నూనె ఇంట్లోకి మాత్రమే. దాంతో చేస్తే బాదుషా గుల్లగా రాదని ఆయన నమ్మకం. గిట్టుబాటు కాదన్నది అసలు సంగతి.

అలాంటి నూనెనే గట్టిపరిస్తే వనస్పతి అవుతుందని మదనపల్లెలో ఇంజనీరింగ్ చదివేటప్పుడు తెలిసింది. నికెల్ పొడి, వేడి, హైడ్రోజన్. 1902లో జర్మనీలో నోర్మన్ పేటెంట్ తీసుకున్న పద్ధతి. పరీక్ష రాశాను, మరిచిపోయాను. ఈమధ్య నానో ఉత్ప్రేరకాల మీద వ్యాసాలు చదువుతుంటే (కథల మీద సమీక్షలు రాసేవాడికి ఇదేం పనని అడక్కండి) ఆ డబ్బా మళ్ళీ గుర్తొచ్చింది.

నూనె అణువులో జంటబంధాలుంటాయి. అన్నింటినీ హైడ్రోజన్‌తో నింపేస్తే మైనంలా బిగుసుకుపోతుంది. కొన్నింటిని నింపి ఆపాలి. ఎక్కడ ఆపాలో ఉత్ప్రేరకానికి తెలియడమే సెలెక్టివిటీ. చిక్కేమిటంటే, నికెల్ మీద వాలిన అణువుకు ఒక హైడ్రోజన్ అంటుకుని, రెండోది అందకముందే ఒకటి ఊడిపోవచ్చు. జంటబంధం తిరిగి వస్తుంది, కానీ వెనకటి వంపు పోయి అణువు సాపు అవుతుంది. అదే ట్రాన్స్ కొవ్వు. మా వృత్తి భాషలో, ట్రాన్సాక్షన్ రోల్‌బ్యాక్ అయింది గానీ డేటా పాతదిలా లేదు. వేడి పెంచి హైడ్రోజన్ తగ్గిస్తే సెలెక్టివిటీ పెరుగుతుంది, దాంతోపాటు ట్రాన్సూ పెరుగుతుంది. సాపు అణువులు దగ్గర దగ్గరగా సర్దుకుంటాయి కాబట్టి గట్టిదనమూ వస్తుంది. నాయన మెచ్చుకునే గట్టిదనంలో దానికీ వాటా ఉంది.

పట్టుకోవడం ఏ లోహమైనా చేస్తుంది, సమయానికి వదలడమే కష్టం. 1952లో లిండ్లార్ పల్లాడియానికి సీసం కలిపి దాని జోరు తగ్గించాడు. రసాయనశాస్త్రంలో దీన్ని విషం పెట్టడమనే అంటారు. 2012లో అమెరికాలోని టఫ్ట్స్ విశ్వవిద్యాలయం వాళ్ళు రాగి మీద పల్లాడియం పరమాణువులను ఒక్కొక్కటిగా విడివిడిగా పొదిగారు. హైడ్రోజన్‌ను చీల్చేది పల్లాడియం, తరవాతి పని రాగి మీద. రాగి దేన్నీ గట్టిగా పట్టుకోదు.

మొన్న పండక్కి వెళ్ళినప్పుడు ఇదంతా నాయనకు చెప్పాను. నూనెలూ కొవ్వుల్లో ట్రాన్స్ 2 శాతం దాటకూడదని 2022 నుంచి మన దేశంలో నిబంధన ఉందని కూడా చెప్పాను. చెప్పాల్సింది కాదేమో.

"అట్లయితే ఇన్నేండ్లూ ఊళ్ళో పిల్లోళ్ళకి నేను పెట్టిందేందిరా?"

"అప్పుడు ఎవరికీ తెలీదులే నాయనా" అన్నాను. ఎవరికీ తెలియకపోవడం నిజం కాదు, మాకు తెలియదు.

చాలాసేపు మాట్లాడలేదు. తరవాత అడిగాడు: "మరి ఆ నికెలు నూనెలోనే ఉండిపోతాదా?"

"లేదు నాయనా. వడగట్టి తీసేస్తారు."

"దానికేం కాదా?"

"ఏం కాదు. మళ్ళా వాడుకోవచ్చు."

"దానికేం కాదు" అని తనలో తాను అనుకుంటూ లేచి, ఆ పాత డబ్బాలోంచి గుప్పెడు చెనిక్కాయలు తీసి నా చేతిలో పోశాడు.