మంగళజోడి చిత్తడిలో

విశాఖపట్నం నుండి హౌరా వైపు పోయే రైళ్లలో తిరిగినవారికి చిలికా సరస్సు కొత్త కాదు. గంజాం దాటిన కొంతసేపటికి కుడివైపు కిటికీలో నీరు మొదలవుతుంది. ఎడమవైపు కొండలు. రంభ వెళ్లిపోతుంది, ఖల్లికోట వెళ్లిపోతుంది. ఎక్కువమంది ఆ నీటిని కాసేపు చూసి, మళ్లీ వార్తాపత్రికలో తల దూర్చుకుంటారు.

ఆ జనవరిలో విశాఖపట్నం కుటుంబమొకటి మాత్రం బాలుగావ్ స్టేషనులో దిగిపోయింది. తండ్రి బ్యాంకు ఉద్యోగి. తల్లి ఉన్నత పాఠశాలలో తెలుగు పండితురాలు. పద్నాలుగేళ్ల కూతురి మెడలో కెమెరా. నాలుగో మనిషి నాయనమ్మ. డెబ్బయి దాటిన ఆమెను ఈ ప్రయాణానికి తీసుకురావడం అవసరమా అని ఇంట్లో తర్జనభర్జన జరిగింది. అయితే ఆమె ఇచ్ఛాపురంలో పుట్టి పెరిగిన మనిషి. ఆ సరిహద్దు ఊళ్లో ఒడియా రానివారు అరుదు. ఆమె రాకపోతే ఆ ప్రయాణంలో సగం అర్థమయ్యేది కాదు.

సరస్సు ఉత్తరపు అంచున, ఖుర్దా జిల్లా టాంగి సమీపంలో ఉన్న పల్లె మంగళజోడి. అక్కడ చిలికా సరస్సులా కనిపించదు. మనిషెత్తు తుంగ, దాని నడుమ సన్నటి నీటి కాలువలు, మోకాలి లోతు బురద. పడవకు మోటారు లేదు. నడివయసు దాటిన ఒక వ్యక్తి వెనుక నిలబడి వెదురు గెడతో దానిని తోస్తున్నాడు. చదువు పెద్దగా లేనివాడు. పక్షుల పేర్లు మాత్రం ఇంగ్లీషులో, ఒడియా యాసతో, పొల్లుపోకుండా చెబుతున్నాడు.

తెల్లవారేసరికి పొగమంచులోంచి పక్షులు ఒక్కొక్కటే బయటపడ్డాయి. ఊదారంగు నీటికోళ్లు తుంగ మొదళ్లను పీకి, కాలితో పట్టుకొని కొరుకుతున్నాయి. సూదితోక బాతులు తలలు నీళ్లలో ముంచి, తోకలు ఆకాశానికి ఎత్తాయి. ఒక దిబ్బ మీద ఇటుకరంగు బాతులు రెండు దగ్గరగా నిలుచున్నాయి. పడవవాడు వాటిని ‘చక్రవాక్’ అన్నాడు. తల్లి ఉలిక్కిపడి చూసింది. రాత్రివేళ ఒకదానినొకటి ఎడబాసి విలపించే కావ్యాల చక్రవాక మిథునాన్ని ఇరవై ఏళ్లుగా పిల్లలకు పాఠం చెబుతున్న ఆమె ఆ పక్షిని చూడటం అదే మొదటిసారి. అది బాతుజాతి పిట్ట అని కూడా ఆమెకు తెలియదట. మన సాహిత్య బోధనలో ఇదొక విచిత్రం.

తరువాత నల్లతోక గాడ్విట్ల గుంపు వచ్చింది. పొడవాటి ముక్కులను బురదలోకి దించుతూ తీస్తూ, వందలకొద్దీ పక్షులు ఒక్క పనిలో మునిగి ఉన్నాయి. ఉత్తరాసియా నుండి వచ్చి ఇక్కడ శీతకాలం గడిపే పక్షులవి. తండ్రి, ‘ఇంకొంచెం దగ్గరకు పోనివ్వమను’ అన్నాడు. నాయనమ్మ ఆ మాట ఒడియాలో చెప్పింది. పడవవాడు గెడను బురదలో గుచ్చి, పడవను అక్కడే ఆపివేశాడు. లేచి ఎగిరితే మేత చెడుతుంది, తిరుగు ప్రయాణానికి వంట్లో కొవ్వు చాలదు అన్నాడు. ఎక్కువ డబ్బు ఇస్తామన్నా అదే జవాబు. కూతురు ముఖం చిన్నబుచ్చుకుంది. తన కటకానికి అందినంత మేరకే ఫొటోలు తీసుకుంది.

ఈ పట్టుదలకు వెనుక ఒక కథ ఉంది. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చినా, 1981లో చిలికా రామ్‌సార్ ఒడంబడిక కింద అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడి నేలగా గుర్తింపు పొందినా, మంగళజోడిలో వేట ఆగలేదు. ఊరంతటికీ వేటగాళ్ల పల్లె అనే పేరుండేది. వలలు పన్నేవారు, విషం పెట్టేవారు. దొరికిన పక్షులు మాంసం కింద అమ్ముడయ్యేవి. వైల్డ్ ఒడిశా అనే సంస్థను నడిపిన నంద కిశోర్ భుజబల్ ఈ ఊరికి పదే పదే వచ్చి వేటగాళ్లతోనే మాట్లాడాడు. 2000లో వారితోనే మహావీర్ పక్షి సురక్షా సమితి ఏర్పడింది. పక్షి ఎక్కడ వాలుతుందో వేటగాడికి తెలిసినంతగా ఎవరికి తెలుసు? ఆ విద్యే కాపలాకు, తరువాత పడవ నడపడానికి పనికివచ్చింది. 2018లో ఈ ఊరి పర్యాటక ప్రయత్నానికి ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ పురస్కారం కూడా లభించింది.

మధ్యాహ్నం పడవవాడు సత్తుగిన్నె మూత తీశాడు. రాత్రి వండి నీళ్లు పోసి పులియబెట్టిన అన్నం. పక్కన కాల్చిన వంకాయ, వేయించిన చిన్నచేపలు, ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ. వెల్లుల్లి, మిరప వేసి నలిపిన ‘బడి చూరా’ కూడా ఉంది. బడి అంటే మన వడియమే. ‘పఖాళ’ అన్నాడతడు. నాయనమ్మ ఆ నీళ్లను అరచేతిలో పోయించుకుని తాగి, ‘ఒరే, ఇది మన తరవాణేరా’ అంది. పట్నంలో కొడుకు ఇంటికి వచ్చాక ఆమెకు తరవాణి కుండ లేదు. ఆమె సగం గిన్నె ఖాళీ చేసింది. బదులుగా తమ పులిహోర పొట్లం అతని ముందుంచింది. పులిహోరలోని ఆవపిండి ఘాటు అతనికి నచ్చింది. ఆవ నూరిపోసి చేపలు వండే ‘బేసర’ తినేవారికి అది కొత్త రుచి కాదు మరి.

ఆ చనువులో తండ్రి అడిగాడు: ‘ఆ పక్షి మాంసం ఎలా ఉండేదో కనుక్కో అమ్మా.’

నాయనమ్మ ఆ ప్రశ్నను ఒడియాలోకి మార్చలేదు. ‘బాగానే ఉండేది,’ అంది తెలుగులోనే. సోంపేట బీల వైపునుండి ఒకతను బుట్టలో కాళ్లు కట్టిన పిట్టలు ఇంటింటికీ తెచ్చేవాడని, చలికాలంలో తన తండ్రి అవి కొనని వారం ఉండేది కాదని, ఈకలు పీకే పని పిల్లలదని చెప్పింది. మనుమరాలు కెమెరాను ఒడిలో పెట్టుకుని ఆమె చేతులవంక చూసింది. ఎవరూ మాట్లాడలేదు. మాటలు అర్థం కాని పడవవాడు మాత్రం అన్నంలో ఇంకొంచెం ఉప్పు కలుపుకున్నాడు.

రాత్రి బసలో రొయ్యల కూర వడ్డించారు. అవి సరస్సులో వలకు పడినవా, చెరువుల్లో పెంచినవా అని తల్లి అడిగింది. అడగదగిన ప్రశ్నే. చిలికాకు వెయ్యి మీటర్ల లోపల రొయ్యల పెంపకం కూడదని 1996లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పిన తరువాత కూడా అక్రమ కట్టలు లేస్తూనే వచ్చాయి. సరస్సుదేనని వంటమనిషి చెప్పాడు. నమ్మి తిన్నారు. దాల్మా మాత్రం అందరూ మారు అడిగి వేయించుకున్నారు.

మరునాడు బయలుదేరేముందు పడవవాడు ఫొటోలు చూపించమన్నాడు. కూతురు ఒక్కొక్కటి జరుపుతూ ఉంటే అతను పక్షి పేరు చెబుతూ, వెనువెంటనే ఇంకేదో అంటున్నాడు. ‘ఏమంటున్నాడు నాయనమ్మా?’ అని పిల్ల అడిగింది. ఇది జతగా అమ్మేవాళ్లం, ఇది విడిగా, దీనికి గిరాకీ లేదు అంటున్నాడని ఆమె చెప్పింది. వానాకాలంలో ఏం చేస్తావని ఆమె అతణ్ణి అడిగింది. చేపలకు పోతానన్నాడు. పక్షులున్న నాలుగైదు నెలలే పడవకు జనం. కొడుకు సూరత్‌లో మరమగ్గాల మీద పని చేస్తున్నాడట.

బాలుగావ్‌లో రైలు గంట ఆలస్యంగా వచ్చింది. నాయనమ్మ అంతలో బజారుకు వెళ్లి, బడి పొట్లాలు రెండు, ఒక చిన్న మట్టికుండ కొని తెచ్చింది.