సనత్‌నగర్ గూడ్స్ షెడ్డులో ఒక జుమా

సనత్‌నగర్ వద్ద రైలు మార్గం చీలి మౌలాలి వైపు సాగుతుంది. గూడ్సు బండ్లు సికింద్రాబాదు స్టేషను రద్దీని తాకకుండా నగరాన్ని దాటేది ఈ దారినే. 2024 మార్చి నుండి ఎం.ఎం.టి.ఎస్. కూడా ఇటుగా నడుస్తున్నది. దాని కిటికీలోంచి చూసే ప్రయాణికునికి గూడ్స్ షెడ్డు ఒక దుమ్ము మబ్బు మాత్రమే.

మేము వెళ్లిన శుక్రవారం అక్కడ సిమెంటు వ్యాగన్లు బారులు తీరి ఉన్నవి. ఒక్కొక్క వ్యాగనులో వెయ్యికి పైగా బస్తాలు. బస్తా 50 కిలోలు. గడువులోగా ఖాళీ చేయకుంటే సరుకుదారు రైల్వేకు డెమరేజీ చెల్లించాలి. ఆ తొందరంతా చివరకు హమాలీ వీపు మీదికే చేరుతుంది. కూలి బస్తాల లెక్కన గనుక, ఖుత్బాకు వెళ్లిన గంట కూలి పోయిన గంటే.

అజాన్ వినబడగానే ముఠాలో ముగ్గురు కుళాయి వద్దకు నడిచారు. చర్మానికి నీరు తగలనీయని పొర ఉంటే వుజూ నెరవేరదు గదా! పెద్దాయన మోచేతుల మీద గట్టిపడిన సిమెంటును గోళ్లతో గీకుతూ చాలాసేపు కూర్చున్నారు.

"పోయి రండి చాచా, మీ వంతు మేం దించుతాం" అని వ్యాగను మీదినుండి ఒక యువకుడు కేక వేశాడు.

"కూలి తగ్గదా?" అని అడిగాను.

"ముఠా కూలి సమంగా పంచుకుంటాం బాబూ. దసరాకు వాళ్ల బస్తాలు మేం మోస్తాం" అని, ఆయన తడి చేతులతోనే టోపీ సర్దుకున్నారు.