నాలుగు నొక్కులకో అక్షరం

తెనాలి జంక్షన్‌లో రేపల్లె బండి ఎక్కినవాళ్ల చేతుల్లో ఒకప్పుడు నోకియా 1100 ఉండేది. ఎనిమిది మీటల మీద ఇంగ్లీషు అక్షరాలన్నీ ఇరుక్కుని కూర్చునేవి. ‘వస్తున్నా’ అని ఇంటికి చెప్పాలంటే ఆ అక్షరాల్లో 16 నొక్కులు. ఒక్క ఎస్‌కే 4. టీ, యూ రెండూ ఒకే మీట మీద ఉండేవి కాబట్టి ఒకటి కొట్టి, కాస్త ఆగి, రెండోది కొట్టాలి. తొందరపడితే వీ పడేది. చెయ్యి తిరిగినవాళ్లు మాత్రం ఫోను జేబులో ఉండగానే కొట్టేసేవాళ్లు. అద్దం తెరలొచ్చాక ఆ విద్య ఎవరికీ అక్కర్లేకపోయింది.

అవతలివాళ్లకి చదవడం ఇంకో విద్య. పీ ఏ ఎల్ యూ అని వస్తే తెమ్మన్నది పాలో, పళ్లో ఇంట్లో ఏం నిండుకుందో తెలిసినవాళ్లే చెప్పగలరు. తెలుగు లిపిలోనే పంపుదామన్నా గిట్టుబాటు కాదు. ఇంగ్లీషు అక్షరాలైతే ఒక ఎస్సెమ్మెస్‌లో 160 పడతాయి, తెలుగైతే 70 గుర్తులే. ‘స్త్రీ’ అన్న ఒక్క అక్షరమే అందులో 6 తినేస్తుంది. బాపట్ల హాస్టళ్లలో కుర్రాళ్లకి లెక్కలు బాగా తెలుసు: పండగ రోజున మెసేజ్ ప్యాక్‌లు చెల్లవని సంక్రాంతి శుభాకాంక్షలు భోగికి ముందే పంపేసేవాళ్లు.

తరవాత ఫోన్లో నెట్ వచ్చింది. తెలుగు పేజీ తెరిస్తే అక్షరాల బదులు వరసగా డబ్బాలు. విచిత్రమేంటంటే, ఆ రేపల్లె బండి భట్టిప్రోలు మీదుగానే వెళ్తుంది. తెలుగు లిపి మూలాల్లో ఒకటిగా చెప్పే రాతలున్న ధాతుకరండాలు (అస్థికల భరిణెలు) 1892లో అలెగ్జాండర్ రీ తవ్వకాల్లో దొరికింది ఆ ఊళ్లోనే. రెండువేల ఏళ్లు మట్టిలో ఉన్న అక్షరాల్ని చదవగలిగారు, చేతిలో ఉన్న కొత్త ఫోను ‘అమ్మ’ని చూపించలేకపోయింది! దానికీ ఒక చిట్కా ఉండేది. ఒపెరా మినీ బ్రౌజర్‌ అడ్రస్ గడిలో కాన్ఫిగ్ అని కొట్టి, బిట్‌మ్యాప్ ఫాంట్ల దగ్గర ‘ఎస్’ పెడితే, సర్వరే తెలుగుని బొమ్మలుగా మార్చి పంపేది. పెద్దది చేస్తే అంచులు చెదిరేవి. అయినా చదివాం. ఆ చిట్కా ఎవరికి ఎవరు చెప్పారోగానీ ఊళ్లన్నీ పాకింది.

2012 తరవాత ఆండ్రాయిడ్‌లో డబ్బాలు తగ్గుతూ వచ్చాయి. 2016లో కేంద్ర ప్రభుత్వం ఫోన్లన్నీ భారతీయ భాషలు చూపించాల్సిందేనని ఉత్తర్వు ఇచ్చింది. అయినా 2018 ఫిబ్రవరిలో ‘జ్ఞా’లో కంటికి కనపడని ఒక గుర్తు కలిస్తే చాలు, ఐఫోన్లలో మెసేజ్ యాప్‌లు కుప్పకూలాయి. జ్ఞానం అంత బరువైందని అప్పుడే తెలిసింది!

మీ బీరువాలో పాత మీటల ఫోను ఉంటే తూకానికి వెయ్యకండి. దానికి సరిపడే పిన్ను ఛార్జర్ ఇప్పటికీ దొరకొచ్చు. ఇన్‌బాక్స్‌లో ఇప్పుడు లేనివాళ్లు 16 నొక్కులు నొక్కి పంపిన మాటలు ఉండొచ్చు. బ్యాటరీ ఉబ్బకముందే ఒక కాగితం మీద, ఈసారి తెలుగులో, ఎక్కించి పెట్టుకోండి.